పాకలో ఇంకో గేదె



పొద్దున ఏలూరులో పాసింజరు ఎక్కి తాడేపల్లిగూడెం వచ్చాను. కారు పంపిస్తామన్నారు, వద్దన్నాను. దెందులూరు, భీమడోలు, పూళ్ల, చేబ్రోలు మీదుగా కిటికీ పక్కన కూర్చుని రావడం నాకు చిన్నప్పటి అలవాటు. ఊరు దాటగానే గడ్డివాము, దాని పక్కన పేడదిబ్బ, గోడల నిండా పిడకలు. ఇవాళ పట్టాలు అందుకున్న మీతో మాట్లాడాలనుకున్నది ఆ దిబ్బ గురించే. పట్టాల పండగ పూట పేడ మాటలేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. పాలకేంద్రంలో పోసిన పాల డబ్బుతో ఫీజు కట్టిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు మీలో చాలామందే ఉన్నారు. వాళ్లకు అలా అనిపించదు.

భీమడోలుకు దక్షిణాన, కొల్లేటి అంచున మా ఊరు. 1984లో మా నాన్న పెరట్లో గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టించాడు. గుండ్రటి గొయ్యి, లోపల ఇటుక గోడ, పైన బోర్లించిన ఇనుప డ్రమ్ము. మాకు నాలుగు గేదెలుండేవి. మా అమ్మ రోజూ తెల్లవారకుండానే బకెట్ పేడకు బకెట్ నీళ్లు పోసి, చేత్తో పిసికి, గడ్డిపరకలు, రాళ్లు ఏరేసి తొట్టిలో పోసేది. గ్యాసు పొయ్యి మీద మొదటిసారి ఎసరు పెట్టిన రోజు మా నాయనమ్మ చేసిన పని నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. గిన్నె దించగానే తిరగేసి, అడుగున వేలితో రాసి, ఆ వేలిని వెలుతురులో పెట్టి చూసుకుంది. మసి అంటలేదు. పిడకల పొగకు ఎర్రబడిపోయిన కళ్లతో అలా చాలాసేపు చూసుకుంది.

రెండో వానాకాలానికి మంట ఎగిరెగిరి పడటం మొదలైంది. తర్వాత ఆగిపోయింది. డ్రమ్ము పైకి లేచే ఉంది, అంటే లోపల గ్యాసుంది, పొయ్యి దాకా రావడం లేదు. ప్లాంటు ఇప్పించిన ఆఫీసు చుట్టూ మా నాన్న చాలాసార్లు తిరిగాడు. ఎవరూ రాలేదు. అక్క పెళ్లికి గేదెలు అమ్మేశాం. రంగు వేయని డ్రమ్ము తుప్పు పట్టింది. నాయనమ్మ మళ్లీ పిడకల పొయ్యి ముందుకే వెళ్లింది.

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఒకరోజు లైబ్రరీలో కూర్చుని ఉండగా అసలు సంగతి తట్టింది. ఆ డ్రమ్ము కింద గ్యాసుకుండే ఒత్తిడి సుమారు 10 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానం. అంతకంటే ఉండదు. గ్యాసుతోపాటు నీటి ఆవిరి కూడా వస్తుంది, రాత్రి చల్లదనానికి గొట్టంలో నీరవుతుంది. మా గొట్టం పెరట్లో భూమిలోంచి పోతూ ఒకచోట కుంగింది. ఆ కుంగిన చోట జానెడు నీళ్లు నిలిచినా గ్యాసు దాన్ని తోసుకుని ఇవతలికి రాలేదు. అక్కడ చిన్న కుళాయి ఒకటి బిగించి వారానికోసారి తిప్పితే చాలు. మా నాన్నకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు. ఆ రోజు లైబ్రరీలో నాకు ఏడుపొచ్చింది. సైన్సు మా పెరటి దాకా వచ్చింది, పక్కన నిలబడి ఒక్క ముక్క చెప్పే మనిషి మాత్రం రాలేదు.

గోబర్ గ్యాస్ మీద దాదాపు నలభై ఏళ్లుగా నేను చేసే పనికి మొదలు అదే. మీకు నేను చెప్పగలిగింది కూడా అందులోనే ఉంది.

డైజెస్టర్, అంటే పేడ అరిగే ఆ గొయ్యి, పాకలో ఇంకో గేదె. పోలిక కోసం అనడం లేదు. గేదె పెద్దపొట్టలో గాలి తగలని చీకట్లో గడ్డిని అరిగించే సూక్ష్మజీవుల్లాంటివే పేడతోపాటు వచ్చి ఆ గొయ్యిలోనూ కాపురం పెడతాయి. ఒక గుంపు పీచును విరగ్గొడుతుంది, ఇంకో గుంపు దాన్ని ఆమ్లాలుగా మారుస్తుంది, చివరి గుంపు ఆ ఆమ్లాన్ని తిని మీథేన్ వదులుతుంది. ఈ చివరివి నిదానం జీవాలు. ఒక్కసారిగా ఎక్కువ మేత పడిందా, ముందు గుంపులు ఆమ్లం చేసి పారేస్తాయి, వెనక గుంపు అందుకోలేదు, ప్లాంటు పులిసిపోతుంది. దాణా ఎక్కువ తిన్న గేదెకు పొట్ట ఉబ్బడం మీ ఇళ్లలో చూసే ఉంటారు. వేళకు మేత, వేళకు నీళ్లు, పండగపూట కూడా సెలవు లేకపోవడం, ఇవన్నీ దానికీ దీనికీ ఒకటే. పైగా 35 డిగ్రీల వెచ్చదనమంటే ఈ జీవాలకు ప్రాణం. చలిదేశాల్లో ఆ వేడి కోసం గ్యాసులో కొంత తగలబెట్టుకోవాలి. మన డెల్టాలో ఎండ దాన్ని ఊరికే ఇస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. పెద్ద గేదె రోజుకు పదిహేను కిలోల పేడ వేస్తుంది. కిలో పేడకు దాదాపు 40 లీటర్ల గ్యాసు. అందులో మీథేన్ సగం పైచిలుకు, మిగతాది చాలావరకు బొగ్గుపులుసు వాయువు, కొసరుగా కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ రెంటినీ కడిగి తీసేసి, మీథేన్ 90 శాతానికి తెచ్చి, సిలిండర్లలో కుదిస్తే అదే బండ్లు నడిపే బయో సీఎన్జీ. వంద గేదెల డెయిరీ పెట్టినా రోజుకు ఇరవై కిలోల పైచిలుకు దొరుకుతుంది, అంతే. గుజరాత్‌లో డీసా దగ్గర బనాస్ డెయిరీ రోజుకు 40 టన్నుల పేడ సేకరించి ప్లాంటు నడుపుతోంది. మన ఊళ్లలో ఇంటికి రెండో మూడో గేదెలు. నలభై టన్నులంటే దగ్గర దగ్గర వెయ్యి ఇళ్ల గడప తొక్కాలి, రోజూ. కుదించే యంత్రం డబ్బు పెడితే దొరుకుతుంది. వెయ్యి గడపలు తొక్కే ఏర్పాటు ఏ కంపెనీ అమ్మదు. పాలను మాత్రం పూటపూటా ఊరూరా తిరిగి సేకరిస్తున్నాం కదా! పాల క్యాన్ వెళ్లే దారిలోనే పేడ కూడా వెళ్లగలగాలి. ఆనంద్ జిల్లాలో జకరియాపురా అనే ఊళ్లో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ఇంకో దారి పట్టింది. ఇంటింటికీ చిన్న ప్లాంటు పెట్టి, గ్యాసును ఇంటికే వదిలి, గ్యాసు పోగా బయటికొచ్చిన స్లర్రీని మాత్రం ఆడవాళ్ల సహకార సంఘం ద్వారా సేకరించి ఎరువు చేయించింది. పేడ ఎత్తే చేతులు ఆడవాళ్లవి. డబ్బు కూడా ఆ చేతుల్లోనే పడటం నాకు ఎంతో నచ్చింది. మనవైపు ఏ లెక్క వేసినా ముందు ఆ చేతుల కూలి రాసి, ఆ తర్వాతే యంత్రం ధర రాయండి.

ఈ బయో సీఎన్జీ కోసమే కేంద్రం 2018 అక్టోబరు 1న సతత్ పథకం మొదలుపెట్టి 5,000 ప్లాంట్లు అనుకుంది. అనుకున్న గడువు దాటినా ఆ సంఖ్య చాలా దూరంలోనే ఉండిపోయింది. మన రాష్ట్రంలో 2025 ఏప్రిల్లో కనిగిరి దగ్గర దివాకరపల్లిలో రిలయన్స్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది, అది ప్రధానంగా నేపియర్ గడ్డి మీద నడిచేది. రానివ్వండి, మంచిదే. పేడ ప్లాంటు కష్టం మాత్రం వేరు.

ఒక హెచ్చరిక చేయాలి. కాకినాడలో బయోడీజిల్ ఫ్యాక్టరీ నడిపే ఏమెటిస్ అనే అమెరికా కంపెనీయే కాలిఫోర్నియాలో పెద్ద డెయిరీల పేడనీళ్ల చెరువుల మీద కప్పు వేసి, మీథేన్ పట్టి, శుభ్రం చేసి పైపులైనుకు ఎక్కిస్తోంది. ఆ లెక్కలు చదివి ఉత్సాహపడతారు, నేనూ పడ్డాను. అక్కడ వేల ఆవుల పేడ నీళ్లతో కలిసి చెరువులో కుళ్లుతూ ఎలాగూ మీథేన్ వదులుతుంది. దాన్ని పట్టుకుంటే అచ్చంగా లాభమే. మన దిబ్బ పొడిగా, గాలి తగులుతూ ఉంటుంది, వదిలేది తక్కువ. దాన్ని తెచ్చి నీళ్లు కలిపి గొయ్యిలో పోశాక ఆ గొయ్యి కారిపోతే, లేని హానిని మనమే పుట్టించినట్టు. వందేళ్ల లెక్కలో చూసినా మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే పాతిక రెట్లకు పైనే భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి బిగింపులు చూడటం చిన్నపని అనుకోకండి. సబ్బునురగ రాసి బుడగ లేస్తుందేమో చూడటానికి ఏ పట్టా అక్కర్లేదు, ఓపిక కావాలి.

ఇక కొల్లేరు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కిన సరస్సు, 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టడం చూసిన సరస్సు, మన బుడమేరు, తమ్మిలేరు కలిసే సరస్సు. చుట్టూ ఉన్న చేపల చెరువుల్లో నీటికి రంగు రావాలని పేడ, కోడిపెంట పోస్తారు. చేప తినే ప్లవకాలు దాంతోనే పెరుగుతాయి, రైతు తప్పేమీ లేదు. మోతాదు దాటితే అది కుళ్లడానికి నీళ్లలో ప్రాణవాయువంతా లాగేస్తుంది. తెల్లవారుజామున చేపలు తలలు తేలేస్తే గట్టు మీద రైతు గుండె ఎలా కొట్టుకుంటుందో మీకు తెలుసు. ఆ నీళ్లు డ్రైన్లలో పడి కొల్లేటికీ, అక్కడినుంచి ఉప్పుటేరుకూ చేరతాయి.

పెంటను ముందు డైజెస్టర్లో అరగనిస్తే ఆ ప్రాణవాయువు ఆకలి చాలావరకు అక్కడే తీరుతుంది. కోడిపెంటలో నత్రజని ఎక్కువ, విడిగా వేస్తే అమ్మోనియా పెరిగి జీవాలు చస్తాయి, వరిగడ్డీ పేడా కలిపి తూకం కుదర్చాలి. హైదరాబాదులో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్త డాక్టర్ ఎ. గంగాగ్ని రావు గారి బృందం కోళ్ల వ్యర్థాలను కూడా అరిగించే రియాక్టర్ తయారుచేసింది. అక్కడి బోయినపల్లి మార్కెట్లో రోజుకు పది టన్నుల కూరగాయల చెత్తతో కరెంటు పుట్టించింది ఆ పద్ధతే. తణుకు కోళ్ల ఫారాలకూ కొల్లేటికీ మధ్య ఉన్న మనకు ఇంతకంటే దగ్గరి పాఠం ఏముంటుంది?

అయితే గ్యాసు తీసినంత మాత్రాన పెంటలోని నత్రజని, భాస్వరం ఎక్కడికీ పోవు. స్లర్రీలో అంతా అలాగే ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి కాలవలో వదిలితే కొల్లేటికి మనం చేసిన మేలు సున్నా. ఇక్కడే ఈ ఊరి చోటు నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. తాడేపల్లిగూడెం నుంచి దక్షిణానికి వెళితే డెల్టా, నీళ్లూ ఎరువూ పొంగిపొర్లే నేల. ఉత్తరానికి వెళితే వెంకట్రామన్నగూడెం, ద్వారకా తిరుమల వైపు మెట్ట. పామాయిల్, కొబ్బరి తోటల కింద సత్తువ కోసం ఎదురుచూసే ఎర్రనేల. ఒకచోట బరువైనది, ఇరవై ముప్పై మైళ్ల అవతల కరువైంది. స్లర్రీలో తొంభై శాతానికి పైగా నీరే, దాన్ని లారీలో మోస్తే డీజిల్ ఖర్చు ఎరువు ధరను మించుతుంది. దాన్ని పిండి, నీళ్లను దగ్గరి వరిచేలకు, పిప్పిని మెట్టకు పంపాలి. పిండే యంత్రం ఎంత పెద్దది, ఎవరిది, బాడుగ ఎవరికి? దీనికి జవాబు నా దగ్గర లేదు. మీలో ఒకరు వేసి చూపించాల్సిన లెక్క ఇది.

ఇంకొక్కటి, దీన్ని గట్టిగా చెబుతున్నాను. ఆగిపోయిన గొయ్యిలోకి, స్లర్రీ ట్యాంకులోకి మనిషిని దించకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు. ఒకడు పడిపోతే కాపాడబోయిన రెండోవాడూ పడిపోతాడు. కూలికి వచ్చినవాడు దిగుతానన్నా సరే, మీరు అడ్డం నిలబడండి. గాలి కొలిచే పరికరం, బయట తాడు పట్టుకున్న మనుషులు లేకుండా మూత తెరవనివ్వకండి. మీ సంతకంతో నడిచే ప్లాంటులో ఏ ఇంటి దీపమూ ఆరకూడదు.

మా పెరట్లో ఆ గొయ్యి ఇంకా ఉంది. డ్రమ్ము లేదు, ఇటుక గోడ మాత్రం గట్టిగా ఉంది. వానకు నిండిన నీళ్లను పోయిన నెల పైనుంచే తోడించి, తెరిచి ఉంచి గాలి ఆడనిస్తున్నాను. మా వీధిలో పద్దెనిమిది ఇళ్లకు గేదెలున్నాయి, పేడ ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకున్నారు. మా చిన్నాన్న కొడుకు అక్కడే ఉంటాడు, తాళం అతని దగ్గరుంది. సిమెంటుకూ గొట్టాలకూ నేను డబ్బు పక్కన పెట్టాను. గొట్టం వాలు చూసి, కుంగిన చోట కుళాయి బిగించి, ఒక ఏడాదిపాటు వారం వారం వచ్చి తిప్పే ఇద్దరు ముగ్గురు కావాలి. భీమడోలు స్టేషన్లో దిగితే ఆటో దొరుకుతుంది. వచ్చే ఆదివారం పొద్దున్నే నేనక్కడే ఉంటాను, పాత బట్టలు వేసుకు రండి.