పులి కిలో అయిపోయింది
(నర్సీపట్నంలో ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో సంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)

ఫోన్లు లోపల పెట్టండని చెప్పడానికి మేం రాలేదు. ఈరోజు వాటితోనే పని.

పోయిన వేసవిలో మేం సంఘం పాత కాగితాలను కంప్యూటరుకు ఎక్కించడం మొదలుపెట్టాం. సభ్యత్వ జాబితాలు, పాత సావనీర్లు, మహజర్ల నకళ్ళు, అన్నీ చెదలు పట్టే దశలో ఉన్నాయి. ఒక్కో పేజీని స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చాం. దాన్నే ఓసీఆర్ అంటారు. మేం చేత్తో కొడితే గంట పట్టే పేజీ నిమిషంలో టైపయి వచ్చేసింది. మహా సంబరపడ్డాం.

ప్రింటు తీసి ఒక పెద్దాయనకు చూపించాం. ఆయన వేలు పెట్టి వరస వెంట వరస చదివి, "ఇందులో మా నాన్న ఏడిరా?" అన్నారు. వెతికితే ఉన్నారు. కానీ ఇంటిపేరు కిల్లో కాదు, కిలో అని పడింది. కిందకి చూస్తే వంతల వారందరూ వంటల వారైపోయారు. పాంగి కాస్తా పొంగి అయింది. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో మీలో చాలామందికి తెలుసు. కిల్లో అంటే పులి. వంతల అంటే పాము. పాంగి అంటే గద్ద, కొర్రా అంటే సూర్యుడు. ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరింటి పిల్లను ఎవరింటికి ఇవ్వొచ్చు అన్నది ఆ పేరులోనే ఉంది. పులి వంశాన్ని మేం తక్కెడలో పెట్టేశాం.

సిగ్గుపడాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఆ జాబితాను అంతకుముందు మాలో ముగ్గురం చదివాం. ఒక్కరికీ తప్పు కనబడలేదు.

తర్వాత కారణం తెలుసుకున్నాం. మన కన్ను వరస మీద నీళ్ళలా జారదు, గంతులేస్తుంది. 1879లోనే ఫ్రాన్సులో ఎమిల్ జవాల్ అనే కంటి వైద్యుడు ఈ సంగతి రాశాడు. ఒకచోట సెకనులో నాలుగో వంతు ఆగి, కొన్ని అక్షరాలు పట్టుకుని, మళ్ళీ గెంతుతుంది. మధ్యలోది మనసు ఊహించి నింపుతుంది. అలవాటైన మాటైతే సరిగ్గా చూడకుండానే చదివేస్తాం. యంత్రం చేసేదీ ఇంచుమించు అదే. ముందు పేజీని నలుపు తెలుపు చుక్కలుగా మార్చి, వరసలుగా కోస్తుంది. తెలుగుకు ఇక్కడే మొదటి దెబ్బ, ఎందుకంటే మన వత్తులు వరస కింద వేలాడతాయి. స్కాను కాస్త వంకరైతే లావత్తు తెగిపోతుంది, లేదా కింద వరసలో కలిసిపోతుంది. ఆపైన అనుమానం వచ్చినచోట, తాను ఎక్కువగా చూసిన మాట వైపు మొగ్గుతుంది. యంత్రానికి నేర్పినవి ఎక్కువగా పత్రికల తెలుగు, పుస్తకాల తెలుగు. అందులో వంటలు వేలసార్లు వస్తాయి. వంతల ఎన్నిసార్లు వస్తుంది? ఇక తెలుగు లిపిలో రాసిన కువి మాటో, కొండ భాష మాటో ఎదురైతే, దాన్ని కూడా లాక్కెళ్ళి తెలుగు మాట చేసేస్తుంది.

ఇది ఒక్క సావనీరు గొడవ కాదు. మా సభ్యుల్లో ఒకరి అబ్బాయి కుల ధ్రువీకరణ పత్రం కోసం ఇంటిపేరులో ఒక్క వత్తు తేడా ఉందని ఒక కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. కాలేజీ ప్రవేశం గడువు దాటిపోయాక కాగితం చేతికొచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం నిబంధనల్లో పదమూడోది మీరంతా చదవాలి. సాగు హక్కుకు రుజువుగా గెజిటీర్లు, జనాభా లెక్కలు, సర్వే సెటిల్‌మెంట్ నివేదికలు చూపించవచ్చని, పెద్దలు చెప్పింది రాతలో పెట్టినా సాక్ష్యమేనని అందులో ఉంది. అంటే ఈ పాత పేజీలు మనకు భూమితో సమానం.

మరి ఆ పేజీలు దొరకవా అంటే, దొరుకుతున్నాయి. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరును ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా ఉచితంగా తెరవచ్చు. అయితే అందులో "గొలుగొండ" అని మనం ఇప్పుడు రాసే స్పెల్లింగుతో వెతికితే దొరకదు, దొరలు "గొల్గొండ" అని రాశారు. గూడెం అని వెతికినా చిక్కే. దీర్ఘం కోసం ఇంగ్లీషు అక్షరం నెత్తిన చిన్న గీత పెట్టారు, యంత్రం ఆ గీత చూసి తికమకపడుతుంది. చివరి "ఎం"ను "ఆర్", "ఎన్" అని రెండక్షరాలుగా చదవడం దానికున్న పాత జబ్బు. కాబట్టి వెతుకులాటలో రాలేదంటే పుస్తకంలో లేదని అనుకోకండి. మన తాలూకా పేజీలు తెరిచి కళ్ళతో చదవండి. మేం మొదట్లో రెండు రోజులు "లేదు" అనే అనుకున్నాం.

ఇప్పుడు మా పద్ధతి చెప్తాం. ఫోనుతో తీసేటప్పుడు కాగితం చదునుగా, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టాలి, మన నీడ పడకూడదు. స్కానరైతే అంగుళానికి 300 చుక్కలు. టైపయిన పాఠాన్ని ఇద్దరు కూర్చుని దిద్దాలి: ఒకరు పాత కాగితం చూసి పైకి చదువుతారు, ఇంకొకరు తెర మీద చూస్తారు. పేర్లు వచ్చినప్పుడు అక్షరం అక్షరం పలకాలి, వత్తుతో సహా. తెలుగు వికీసోర్స్‌లో కూడా ఒకరు దిద్దిన పేజీ పసుపు రంగులో ఉంటుంది, రెండోవారు సరిచూశాకే ఆకుపచ్చ అవుతుంది. పాత కాగితంలోనే తప్పుంటే దాన్ని మార్చకండి, ఉన్నదున్నట్టు ఉంచి పక్కన సరైన రూపం రాయండి. టైపు అయిపోయింది కదా అని బొమ్మను చెరిపేయకండి. రేపు ఎవరైనా కాదంటే చూపించాల్సింది ఆ బొమ్మే. చేతిరాతను మాత్రం యంత్రానికి వదలొద్దు, మా అనుభవంలో దిద్దడం కంటే కొత్తగా కొట్టడమే నయం.

ఒక మాట. పూజ పాటలు, గురువులు రహస్యంగా ఉంచుకునేవి పెద్దల అనుమతి లేకుండా నెట్‌లో పెట్టకండి. ఆధార్, పట్టాల నకళ్ళూ అంతే.

మా దగ్గర ఇంకా రెండు ట్రంకు పెట్టెల కాగితాలు మిగిలాయి. వాటిలో ఒక పెద్దమ్మ చెప్పగా ఎవరో రాసుకున్న పాటల నోటుబుక్కు ఉంది. సగం మాటలు మాకే అర్థం కావు, ఏ ఊరి పలుకుబడో తెలియదు. వచ్చే ఆదివారం పొద్దున్నే సంఘం గదికి రండి. వచ్చేటప్పుడు ఇంట్లో అవ్వనో తాతనో వెంటబెట్టుకుని రండి. వాళ్ళకు చదువు రాకపోయినా ఫరవాలేదు, మేం చదువుతుంటే తప్పెక్కడుందో వింటారు.