చివరి మనిషి తర్వాత



కెల్టిక్ సంప్రదాయం అనగానే ఐర్లండు, వేల్స్, స్కాట్లండు గుర్తొస్తాయి. వాటి నడుమ ఐరిష్ సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మాన్ దీవి గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. ఏటా జులైలో అక్కడి పార్లమెంటు టిన్‌వాల్డ్ ఆరుబయట దిబ్బ మీద కొలువుదీరుతుంది. కొత్త చట్టాల సారాంశాన్ని ఇంగ్లీషులోనూ, దీవి సొంత భాష మాంక్స్‌లోనూ చదివి వినిపిస్తారు. ఇళ్లలో ఆ భాష అడుగంటిన రోజుల్లో కూడా ఆ ఆచారం ఆగలేదు.

కానీ ఆచారం ఒక్కటే భాషను బతికించదు. 1901 జనాభా లెక్కల్లో మాంక్స్ వచ్చినవారు 4,419 మంది. బడి, వ్యాపారం, వేసవిలో వచ్చే యాత్రికులు, అన్నీ ఇంగ్లీషువే. పెద్దలు తమలో తాము మాంక్స్ మాట్లాడుకుంటూ, పిల్లలతో మాత్రం ఇంగ్లీషే మాట్లాడారు. బిడ్డల బతుకు బాగుండాలనే ఆ పని చేశారు. వాళ్లను నిందించడానికి నాకు నోరు రాదు.

1877లో పుట్టిన నెడ్ మాడ్రెల్‌కు ఆ భాష దక్కడానికి కారణం ఒక ముసలావిడ. క్రెగ్‌నీష్ ఊళ్లో ఆయన్ను పెంచిన ఆవిడకు ఇంగ్లీషు రాదు. పెద్దయ్యాక ఆయన చేపలవేటకు వెళ్లాడు. 1974 డిసెంబరులో ఆయన పోయాక, మాంక్స్‌ను పుట్టు భాషగా నేర్చిన చివరి మనిషి పోయాడని రాశారు. నిజమే. భాష కూడా ఆయనతోనే పోయిందనడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

మాడ్రెల్ బతికి ఉండగానే, 1947లో ఐర్లండు ప్రధాని ఈమన్ డి వలేరా ఆ దీవికి వెళ్లాడు. ఆయన చొరవతో మరుసటి ఏడు ఐరిష్ జానపద సంఘం తరఫున కెవిన్ డానహర్ రికార్డింగు వ్యాన్‌తో వచ్చి, మిగిలిన వృద్ధుల గొంతులు భద్రపరిచాడు. ఆ మేలు మరువరానిది. అయినా నా మనసు దీవి యువకుల మీదకే పోతుంది. వాళ్లు తామే యంత్రాలు సంపాదించుకొని ఆ ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లారు, రికార్డు చేశారు, అంతకు మించి వాళ్లతో మాట్లాడారు. వృద్ధుల దగ్గర అలా నేర్చుకున్నవారిలో బ్రయన్ స్టోవెల్ ఒకరు. వృత్తిరీత్యా భౌతికశాస్త్రవేత్త. 1991లో దీవి తొలి మాంక్స్ భాషాధికారి అయ్యారు. మరుసటి ఏడే బడుల్లో మాంక్స్ బోధన మొదలైంది. 2001లో పూర్తిగా మాంక్స్‌లోనే చెప్పే ప్రాథమిక బడి తెరిచారు. 2009లో యునెస్కో ఆ భాషను అంతరించినదిగా ప్రకటిస్తే, ఆ బడి పిల్లలే మాంక్స్‌లో ఉత్తరాలు రాశారు. ఆ ముద్రను యునెస్కో మార్చుకుంది.

నేర్చుకున్నవారి మాటలో పాత పలుకుబడి లేదనీ, ఇంగ్లీషు యాస తగులుతుందనీ కొందరు పండితులు అంటారు. యాస మారింది, నిజం. కానీ 2006లో స్టోవెల్ మాంక్స్‌లో ఒక పూర్తి నవల తెచ్చారు. అది రక్తపిశాచాల కథ. పాత పలుకుబడిని కాచుకుని కూర్చుని ఉంటే, ఆ నవల రాసేవాడూ ఉండడు, చదివేవాడూ ఉండడు.