నూడుల్స్‌కున్న కాపలా యుద్ధానికి లేదా?



స్వర్ణోత్సవ సభలో పది నిమిషాలు ఏదైనా పనికొచ్చే సంగతి చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నేను ఆహార తనిఖీ ఉద్యోగంలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసినవి శాంపిళ్లు, సీళ్లు, రిపోర్టులు. అందుకే నూడుల్స్‌తో మొదలుపెట్టి యుద్ధం దాకా వెళ్తాను. మోకాలికీ బోడిగుండుకూ ముడిపెడుతున్నాడని అనుకోకండి. ఆ రెండింటికీ సంబంధముంది.

కొరియా కారం నూడుల్స్‌ను పిల్లలు పందేలు వేసుకుని తినడం మీలో చాలామంది చూసే ఉంటారు. 2024 జూన్‌లో డెన్మార్క్ ఆహార శాఖ సామ్‌యాంగ్ కంపెనీవారి బుల్డక్ నూడుల్స్‌లో మూడు రకాలను దుకాణాల నుంచి వెనక్కి తెప్పించింది. మిరపకాయకు మంటనిచ్చే క్యాప్సాయిసిన్ ఒక్కో ప్యాకెట్‌లో ప్రమాదకరమైనంత ఉందని, ముఖ్యంగా పిల్లలకు మంచిది కాదని చెప్పింది. గుంటూరు కారంతో పెరిగిన మనకు నవ్వు రావచ్చు. జూలైలో మళ్లీ లెక్క చూసుకుని రెండు రకాలను అమ్ముకోనిచ్చింది, అన్నిటికన్నా కారమైనదాన్ని మాత్రం రానివ్వలేదు. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నది వేరే సంగతి. ఒక అధికారి సంతకం పెట్టాడు, అల్మరాల్లోంచి ప్యాకెట్లు కిందికి దిగాయి. నాకు కావలసింది ఆ ముక్క.

మన దగ్గరా పద్ధతి ఉంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి, సీలు వేసి, యజమాని సంతకం తీసుకోవాలి. ఒక భాగం విశ్లేషకుడికి, రెండు పై అధికారికి వెళ్తాయి. వ్యాపారి కోరితే నాలుగోది గుర్తింపు పొందిన మరో ల్యాబుకు వెళ్తుంది. పద్నాలుగు రోజుల్లో రిపోర్టు రావాలి, దానిమీద అప్పీలుకు వీలుండాలి. గోడమీద నాయకుడితో దిగిన ఫొటో తగిలించుకున్న వ్యాపారి కూడా గొణుక్కుంటూనే సంతకం పెట్టేవాడు. అతని భయం నన్ను చూసి కాదు, ఆ సీసా రేపు ల్యాబుకు, ఎల్లుండి కోర్టుకు వెళ్తుందని.

చట్టం అధికారినీ కట్టేస్తుంది. 2015 జూన్‌లో మ్యాగీని దేశమంతా నిషేధించారు. కంపెనీ వాదన సరిగా వినలేదని, పరీక్షించిన ల్యాబులకు తగిన గుర్తింపు లేదని బొంబాయి హైకోర్టు ఆగస్టులో ఆ ఉత్తర్వును కొట్టేసి, మళ్లీ పరీక్షలు చేయించమంది. ఆ పరీక్షల్లో నెగ్గి, నవంబరులో మ్యాగీ తిరిగి కొట్లకొచ్చింది.

ఇప్పుడు అదే కారం వెంట ఇంకో అడుగు వేద్దాం. పోలీసుల పెప్పర్ స్ప్రేలో ఉండేది కూడా మిరప మంటే. 1997 నుంచి అమల్లో ఉన్న రసాయనిక ఆయుధాల నిషేధ ఒప్పందం ప్రకారం అల్లరిమూకను చెదరగొట్టడానికి పోలీసులు బాష్పవాయువు, మిరప స్ప్రే వంటివి వాడొచ్చు. యుద్ధంలో సైన్యం వాడకూడదు. ఇదేం విడ్డూరమని అడగొచ్చు. పొగ కమ్ముకున్నప్పుడు అది కళ్లు మండించేదో ప్రాణం తీసేదో కందకంలో ఉన్న సైనికుడికి తెలియదు. అవతలివాడు విషం వదిలాడనుకుని ఇవతలివాడు నిజంగానే విషం వదులుతాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బాష్పవాయువులతో మొదలైంది క్లోరిన్ దాకా, మస్టర్డ్ గ్యాస్ దాకా పోయింది.

ఈ ఒప్పందం అమలును చూసే ఓపీసీడబ్ల్యూ అనే సంస్థ హేగ్ నగరంలో ఉంది. ఉక్రెయిన్ యుద్ధరంగంలో ఒక కందకం నుంచి తెచ్చిన నమూనాల్లో సీఎస్ అనే బాష్పవాయువు ఉందని 2024 నవంబరులో ఆ సంస్థ నిర్ధారించింది. నమూనా సేకరణ నుంచి ల్యాబు దాకా ఎవరి చేతులు మారిందో కూడా సరిచూసింది. నా పాత ఉద్యోగమే! అయితే ఎవరు వాడారో ఆ నివేదిక తేల్చలేదు. సీలు ఉంది, ల్యాబు ఉంది, రిపోర్టూ ఉంది. ఆ తర్వాత రావలసిన మనిషి మాత్రం లేడు.

యుద్ధ చట్టాలన్నిటికీ ఇదే జబ్బు. ఉక్రెయిన్‌లో సైనిక చర్య ఆపమని 2022 మార్చి 16న అంతర్జాతీయ న్యాయస్థానం 13–2 ఓట్లతో రష్యాను ఆదేశించింది. యుద్ధం ఆగలేదు. తీర్పు అమలు కాకపోతే భద్రతా మండలికి వెళ్లమంటుంది ఐక్యరాజ్యసమితి ఛార్టర్ 94వ అధికరణ. అక్కడ రష్యాకు వీటో ఉంది. ఇది ఒక్క దేశం కథ కాదు. 1986లో నికరాగువా కేసులో అదే న్యాయస్థానం అమెరికాను తప్పుపట్టింది. తీర్పు అమలు చేయమన్న తీర్మానాన్ని మండలిలో అమెరికా వీటోతో ఆపేసింది. కంచే చేను మేయడమంటే ఇదే. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకైతే సొంత పోలీసులే లేరు. 2023 మార్చిలో పుతిన్‌పై అరెస్టు వారెంటు ఇచ్చింది. మరుసటేడు సెప్టెంబరులో ఆయన ఆ కోర్టు సభ్యదేశమైన మంగోలియాకే వెళ్లి, క్షేమంగా తిరిగొచ్చాడు.

మరి ఈ చట్టాలెందుకని ఏ పదో తరగతి పిల్లాడో అడిగితే మన మాస్టర్లు ఏం చెప్పాలి? రెండు సంగతులు చెప్పమని నా మనవి. మొదటిది, ఇన్‌స్పెక్టర్‌ను పెట్టిన చోట చట్టం పనిచేసింది. దేశాలు ప్రకటించిన 72,304 టన్నుల రసాయనిక ఆయుధాలను తనిఖీదారుల కళ్లెదుటే ధ్వంసం చేశారు. మన దేశం తన వంతు 2009లో పూర్తిచేసింది. చివరగా 2023 జూలైలో అమెరికా ముగించింది. రెండోది, బలహీనమైన కోర్టు కూడా ఒక్కోసారి ప్రాణం నిలబెడుతుంది. కులభూషణ్ జాధవ్ ఉరిని ఆపమని 2017లో పాకిస్తాన్‌కు చెప్పింది ఆ అంతర్జాతీయ న్యాయస్థానమే.

ఇది మనకు దూరపు గొడవ కాదు. 2022లో ఖార్కివ్ బంకర్ల నుంచి ఫోన్లు చేసిన వైద్య విద్యార్థుల్లో మన తెలుగు పిల్లలున్నారు. బాంబు పడకూడని చోట్లు ఏవో ఆ రోజు వాళ్లందరికీ తెలుసు, వేసేవాళ్లకూ తెలుసు. ఆపేవాళ్లే లేరు.

కాబట్టి కొత్త ఒప్పందం మీద నాయకులు సంతకాలు చేస్తున్న ఫొటో పేపర్లో చూసినప్పుడు చప్పట్లకు ముందు మూడు ప్రశ్నలు అడగండి. శాంపిల్ ఎవరు తీస్తారు? ఎవరు పరీక్షిస్తారు? తప్పు తేలిన మర్నాడు ఎవరు కదులుతారు? మూడోదానికి జవాబు దొరకనంతకాలం, మన పిల్లలు తినే నూడుల్స్ ప్యాకెట్టుకున్న కాపలా వాళ్ల ప్రాణాలకు లేనట్టే. ఆ ప్రశ్న అడగడం మానని పిల్లల్ని ఇంకో యాభై ఏళ్లపాటు ఈ బడి తయారుచేయాలని కోరుకుంటూ, సెలవు.