కొట్టు కొనే ముందు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకు రుణాల విభాగంలో తాకట్టు ఆస్తులు చూసినవాడిని కాబట్టి మిత్రులు నన్ను తరచు ఒక మాట అడుగుతుంటారు. "గ్రాట్యుటీ, పి.ఎఫ్. డబ్బు చేతికొచ్చింది. విజయవాడలో ఒక కొట్టు కొంటే నెలనెలా అద్దె వస్తుంది కదా?" అని. వస్తుంది. ఎంత వస్తుంది, ఎన్నాళ్ళు వస్తుంది అన్నది మాత్రం కొనకముందే తేల్చుకోవాలి. ఉద్యోగంలో ఉన్నవాడు పోయిన డబ్బు మళ్ళీ సంపాదించుకుంటాడు. మనకు ఆ వీలు లేదు.

మొదటిది లెక్క. కొట్టు ధర 28 లక్షలు అనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. అంతా కలిస్తే 30 లక్షలు దాటుతుంది. అద్దె నెలకు 12 వేలు అయితే ఏడాదికి 1,44,000. ఒక నెల ఖాళీగా ఉంటుందనుకొని, ఆస్తిపన్ను, మరమ్మతులు కూడా కలిపి 24 వేలు తీసేస్తే మిగిలేది 1,20,000. అంటే 4 శాతం. అదే 30 లక్షలు 2024లో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేసినవారికి 8.2 శాతం చొప్పున ఏడాదికి 2,46,000 వడ్డీ. అద్దె పెరుగుతుంది, స్థలం విలువ పెరుగుతుంది, కాదనను. ఈ తేడాను పూడ్చేంతగా పెరిగే చోటేనా అన్నదే ప్రశ్న.

అందుకని రెండవది చోటు. బ్రోకరు కారులో వెళ్ళి చూసి రావద్దు. ఒక ఉదయం, ఒక సాయంత్రం, ఒక ఆదివారం మీరే వెళ్ళి నిలబడండి. పోయే బండ్లను కాదు, ఆగే మనుషులను లెక్కపెట్టండి. బీసెంట్ రోడ్డులో జనం నడుస్తూ కొంటారు. బెంజి సర్కిల్ వద్ద ఫ్లైఓవర్ మీదుగా పోయే బండి కింది కొట్టు దగ్గర ఆగదు. స్కూటరు నిలిపే జాగా ఉందా? రోడ్డు మధ్య డివైడరు దాటి ఎదుటివైపు వారు రాగలరా? పక్క కొట్లలో ఎన్ని తాళం వేసి ఉన్నాయి? పక్క కొట్టాయన నిజంగా కడుతున్న అద్దె ఎంత? ఈ నాలుగూ తెలిస్తే ధర సంగతి సగం తెలిసినట్టే.

మూడవది నీరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వంటి ప్రాంతాలు రోజుల తరబడి మునిగాయి. ఆ నీరు ఏ గోడమీద ఎంతదాకా వచ్చిందో అక్కడివారే చూపిస్తారు. సెల్లారులో కొట్టు చవకగా వస్తుందంటే ఎందుకు చవకో అడగండి.

నాల్గవది కాగితాలు. ముప్పై ఏళ్ళ ఇ.సి., లింకు దస్తావేజులు తీసుకోండి. అసైన్డు, దేవాదాయ, వక్ఫు భూములు ఉండే 22-ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడండి. మాస్టర్ ప్లానులో రోడ్డు వెడల్పు చేస్తే కొట్టు ముందుభాగం మిగులుతుందా? మంజూరైన ప్లానులో అది కొట్టేనా, పార్కింగు జాగానా? దస్తావేజులో మన భూమి వాటా ఎన్ని గజాలు? ఈ కాగితాలను మనం కుదుర్చుకున్న వకీలుకే చూపించాలి, అమ్మేవారి వకీలుకు కాదు.

చివరిది ఇంటి సంగతి. మన తరువాత వచ్చేది ఫ్యామిలీ పెన్షన్, అది తక్కువ. అప్పుడు అద్దె వసూలు చేయవలసింది మన ఇల్లాలు. ఖాళీ చేయనని మొండికేసినవాడితో ఆమె కోర్టుల చుట్టూ తిరగగలదా? కొట్టు చూడటానికి ఆమెను కూడా తీసుకువెళ్ళండి. ఆమె వద్దంటే ఆ మాటకు విలువ ఇవ్వండి. ఎంత మంచి చోటైనా ఉన్న డబ్బంతా అందులో పోయకండి. వైద్యానికి, ఇంటి ఖర్చుకు పక్కన పెట్టాక మిగిలినదే కొట్టుకు.