కంప్యూటరు రైలుమార్గము - దాని పొరలు

కంప్యూటరు తెరపై రైలు నడుపుట పిల్లల వేడుక యని తలంచువారు పెక్కురు కలరు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున ఆరన్ అను సంస్థ 2001లో వెలువరించిన ‘ట్రెయిన్జ్’ను ఒకసారి తెరచి చూచినచో ఆ తలంపు నిలువదు. ఇందు బండిని నడుపుట ఒక భాగము మాత్రమే. దానికి ‘డ్రైవరు’ అని పేరు. కొండలు లేపుట, పట్టాలు పరచుట, స్టేషనులు, గేట్లు, సిగ్నళ్లు నిలుపుట మరియొక భాగము, అది ‘సర్వేయరు’. ఏండ్ల తరబడి ఒకే మార్గమును దిద్దుకొనుచు, బండి నడుపుటకు తీరికయే లేనివారును కలరు!

అట్టి నిర్మాతల శ్రమ ఎచ్చట భద్రమగునో తెలిసికొనుట అవసరము. అది రెండు చోట్ల భద్రమగును: ఒకటి రూటు, రెండవది సెషను. రూటనగా ప్రదేశము. సెషననగా ఆ ప్రదేశమున ఒకనాడు జరుగు రాకపోకలు. ఒక్క రూటునకు ఎన్ని సెషనులైనను ఉండవచ్చును. మన సురభి నాటకసమాజములవారి రంగస్థలమును తలచుకొనుడు. అదే రాజసభ తెరయెదుట నేడొక నాటకము, రేపు వేరొక నాటకము. తెర అన్ని ఆటలకును ఉమ్మడి. నేటి పాత్రలు నేటి ఆటకే.

సర్వేయరులో మనము నిలుపు ప్రతి వస్తువును ఏదో ఒక లేయరునకు, అనగా పొరకు, చెందును. రూటు పొరలలోనివి అన్ని సెషనులలోను కనబడును. సెషను పొరలోనివి ఆ ఒక్క సెషనులోనే కనబడును. అప్పుడు ఏ పొర ఎన్నుకొనబడి యున్నదో, క్రొత్త వస్తువు అందులోనికే పోవును. చిక్కంతయు ఇక్కడనే.

ఒకరు ఉదయపు పాసింజరు సెషనును తెరచి, వారము దినములు కూర్చుండి స్టేషను చుట్టును చింతచెట్లు నాటిరనుకొందము. రాత్రి గూడ్సు సెషనును తెరచి చూడగా స్టేషను బోడిగా నున్నది! చెట్లన్నియు మొదటి సెషను పొరలోనికి పోయినవి. దీనికి విపర్యయముగా, బొగ్గు గూడ్సును రూటు పొరలో నిలిపినచో, అది ప్రతి సెషనులోను మొదటి లైనును ఆక్రమించి కూర్చుండును. ఆ రూటును ఇతరులకు పంచియిచ్చినప్పుడు, తమ పాసింజరు సిగ్నలు వెలుపలనే ఏల నిలిచిపోవుచున్నదో వారికి బోధపడదు.

వస్తువును ఒక పొరనుండి వేరొక పొరకు మార్చుకొను వీలున్నది గాని, వందలకొలది చెట్లను మార్చుట విసుగు పుట్టించు పని. చెట్లకొకటి, కట్టడములకొకటి, పట్టాలకు సిగ్నళ్లకు నొకటి చొప్పున రూటులోనే వేరు వేరు పొరలు కల్పించుకొనుట మేలు. పట్టాలు సరిచేయునపుడు చెట్ల పొరను కనబడకుండ చేయవచ్చును. చెట్లు నాటునపుడు పట్టాల పొరకు తాళము వేయవచ్చును. తాళము పడిన పొరలోనిది చేయి జారినను కదలదు. నా మట్టుకు, ఈ తాళమును మించిన సౌకర్యము సర్వేయరులో లేదు.

నేల మాత్రము పొరలకు లోబడదు. సెషనును దిద్దుచు గట్టు నొకదానిని చదును చేసినచో, ఆ మార్పు రూటునకే చెంది, సెషనులన్నింటిలోను కనబడును. పొరను తొలగించినచో అందలి వస్తువులును పోవునని మరువరాదు. మరియొక సంగతి: ప్రతి రూటునకును ఒక గుర్తింపు సంఖ్య కలదు, సెషను తన రూటును ఆ సంఖ్యతోనే గుర్తించును. రూటును క్రొత్త పేరుతో భద్రపరచినచో క్రొత్త సంఖ్య వచ్చును. పాత సెషనులు పాత రూటునే అంటిపెట్టుకొని యుండును.

ఈ విభజనవలన కలుగు ముచ్చట యొకటి కలదు. పట్టాలను, ప్లాట్‌ఫారమును, ఊరిని రూటులో నుంచి, ఆవిరియింజనులకు నీరు పట్టు స్తంభమును, బొగ్గు కుప్పలను ఒక సెషనులో నిలుపుడు. మరియొక సెషనులో వాటికి బదులు డీజిలు యింజనును మాత్రము నిలుపుడు. అదే స్టేషనులో తాతగారి కాలపు బండియు, మనుమని కాలపు బండియు నడచును.