అసలు వేరు, వడ్డీ వేరు
(తాటిపాకలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయో, దింపుకి ఎన్ని కాయలు వచ్చాయో మనకు నోటిమీదే ఉంటుంది. అప్పు ఎంత కట్టారంటే మాత్రం మొత్తం సొమ్ము చెబుతాం. అందులో అసలుకెంత జమైంది, వడ్డీకెంత పోయింది అంటే చెప్పలేం. ఈరోజు ఆ ఒక్క సంగతే మాట్లాడుకుందాం.

ఫోనులో ఇంటి లెక్కలు మొదలుపెట్టిన ఏడాది మేమూ తప్పు రాశాం. సార్వాకి తెచ్చిన లక్ష రూపాయల పంట రుణాన్ని రాబడిలో వేశాం. ఆ నెల పెద్ద లాభం కనబడింది. తిరిగి కట్టిన లక్షా ఏడు వేలూ ఖర్చులో వేశాం. ఈసారి అంతా నష్టమని తేలింది. రెండూ తప్పే. తెచ్చిన అప్పు రాబడి కాదు, తీర్చిన అసలు ఖర్చు కాదు. వడ్డీ ఒక్కటే ఖర్చు.

ఎక్సెల్ అయినా, ఉచితంగా దొరికే గ్నూక్యాష్ అయినా, చేతి పుస్తకమైనా పద్ధతి ఒకటే. ఒక్కో అప్పుకు ఒక్కో ఖాతా తెరవండి. సొమ్ము కట్టిన రోజునే దాన్ని రెండు పద్దులుగా విడగొట్టండి. వడ్డీని ఖర్చులో రాయండి, అసలును అప్పు ఖాతాలో తగ్గించండి.

నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చామనుకోండి. అంటే ఏడాదికి 24 శాతం. ఆరు నెలలకు 30,000 కట్టాం. వడ్డీకి 12,000 పోను అసలుకు జమైంది 18,000. ఇంకా ఉన్న అసలు 82,000. తర్వాతి ఆరు నెలల వడ్డీ 9,840 కావాలి. లక్ష మీదే లెక్కగట్టి 12,000 అడిగితే 2,160 అదనంగా పోయినట్టే. అందుకే కట్టిన రోజునే నోటు వెనుక చెల్లు వేయించండి, ఫోనులోనూ రాసుకోండి.

బ్యాంకులో 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం రాయితీ వస్తుంది, మనకు పడేది 4 శాతం. కానీ ఆ గడువు కోసం ఏం చేస్తున్నాం? బయట చేబదులు తెచ్చి కట్టి, మళ్లీ తీసుకుని తీరుస్తున్నాం. లక్షా ఏడు వేలకు రెండు రూపాయల చొప్పున ఒక్క నెల వడ్డీయే 2,140. బ్యాంకు వడ్డీ 4,000తో కలిపితే 6,140. ఈ రెండో వడ్డీ బ్యాంకు పాసుబుక్కులో ఉండదు. మన లెక్కలోనే ఉండాలి.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2011లో పెట్టుబడి తిరిగి రావడం లేదని కోనసీమ రైతులం సార్వా వేయకుండా పంట విరామం పాటించాం. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. రేపు మరో కమిటీ వచ్చినా అడిగేది సాగు ఖర్చే. విత్తనానికి, ఎరువుకు, కూలికి పెట్టింది ఒకసారి చెప్పి, దానికోసం తెచ్చిన అప్పు తీర్చిన సొమ్మునూ ఖర్చంటే, ఒకే డబ్బు రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది. ఆ ఒక్క తప్పు పట్టుకుని మన మాటంతా కొట్టిపారేస్తారు. అలాగని వడ్డీ రాయకపోతే నిజంగా పడిన భారం బయటికే రాదు. సాగు ఖర్చుకు సగం కలిపి మద్దతు ధర ఇమ్మని అడిగే మనం ముందు ఆ ఖర్చును సరిగ్గా చూపించగలగాలి.

ఈ రాత్రికే పాసుబుక్కులు, నోట్ల వివరాలు ముందేసుకోండి. ఫోను చేతకాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల్ని కూర్చోబెట్టండి. ఒక్కో అప్పుకు నాలుగు గడులు చాలు: తేదీ, కట్టింది, వడ్డీ, మిగిలిన అసలు. కౌలు రైతులు ఇది మరీ తప్పనిసరిగా చేయాలి. వారి అప్పుల్లో ఎక్కువ భాగం బయటివే.

అప్పు మనది. దాని లెక్క అప్పిచ్చినవాడి దగ్గరే కాదు, మన దగ్గరా ఉండాలి.