గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది ఎవరు?

(గ్రామ సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



కిరాణా కొట్టు పెట్టుకోవడానికి అప్పు ఇప్పించడం మనకు బాగా అలవాటైన పని. వాయిదాలు సక్రమంగా కడుతుంటే కొట్టు బాగా నడుస్తోందని రిజిస్టర్లో రాసేసుకుంటాం. నాకు అనుమానం అక్కడే మొదలైంది. నేను తిరిగే ఊళ్లలో ఒకామె మూడేళ్లపాటు ఒక్క వాయిదా తప్పలేదు. తీరా కూర్చుని మాట్లాడితే, రెండో ఏడు నుంచి ఆమె కట్టింది కొట్టు రాబడి కాదు, మిరపకాయ కోతల కూలి. ఆమె కోతలకు పోయిన రోజుల్లో కొట్లో కూర్చున్నది బడి మానిన కూతురు. మన రిజిస్టర్లో మాత్రం అది 'ఆదర్శ యూనిట్'!

ఒక లెక్క వేద్దాం. కొట్లో 20,000 రూపాయల సరుకు ఉందనుకోండి. నూటికి 15 రూపాయలు మిగిలే సరుకు నెలకొకసారి అమ్ముడైతే వచ్చేది 3,000. నూటికి 8 రూపాయలే మిగిలే పప్పు, నూనె, సబ్బులు నెలకు మూడుసార్లు తిరిగితే 4,800. అరల నిండా సరుకు చూసి మనం సంతోషపడతాం గానీ, దుమ్ముపట్టిన సీసాల్లో, తేదీ దాటిన బిస్కెట్ పొట్లాల్లో ఆమె డబ్బు ఇరుక్కుపోయి ఉంటుంది. మరోపక్క పొద్దున్నే వచ్చినవాళ్లకు పాలపొట్లం లేదంటే పక్క కొట్టుకు పోతారు, మిగతా సరుకులూ అక్కడే కొంటారు.

ఇప్పుడు ఆ 4,800నే ఇంకోలా చూడండి. ఉదయం ఆరుకు తెరిచి రాత్రి పదికి మూస్తే రోజుకు 16 గంటలు, నెలకు 480 గంటలు. గంటకు పది రూపాయలు! అద్దె, కరెంటు, సరుకు తెచ్చిన ఆటో కిరాయి అందులోంచి ఇంకా తీయలేదు. వంట, బట్టలు, పిల్లల పనీ ఆ గంటల మధ్యలోనే. లాభమని మనం రాసుకున్నది నిజానికి ఆమెకు ఎవరూ ఇవ్వని కూలి.

ఇక అరువు. 'అరువు రేపు' అని బోర్డు పెట్టమని సలహా ఇవ్వడం తేలిక. వారానికోసారి కూలి చేతికొచ్చే వాడలో అరువివ్వని కొట్టుకు ఎవరూ రారు. అసలు ప్రశ్న, ఆమె ఎవరికి కాదనగలదు అన్నది. చాలా ఇళ్లలో అరువిచ్చే పెద్దరికం భర్తది, వసూలు చేసే తిప్పలు ఆమెవి. మరిదిని, ఊరి పెద్దల ఇంటివాళ్లను బాకీ ఎలా అడుగుతుంది? 20,000లో 8,000 అరువు పుస్తకంలో చిక్కుకుంటే తిరిగేది 12,000 మాత్రమే. ఇంటికి వాడుకున్న బియ్యం, నూనె, భర్త గల్లాలోంచి తీసిన నోట్లు ఏ పుస్తకంలోకీ ఎక్కవు. నెలాఖరుకు తక్కువ పడితే 'ఆమెకు వ్యాపారం చేతకాదు' అంటారు. ఒక్కోసారి మనమూ అదే అన్నాం.

చట్టంలో ఆమె స్థానం ఏమిటి? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టమే. యజమానితో కలిసి ఉంటూ, అతనిపై ఆధారపడి, జీతం తీసుకోని భార్య అందులోని 'ఉద్యోగి' నిర్వచనంలోకి రాదు. రిజిస్ట్రేషన్ భర్త పేరున ఉంటే ఆమె కాగితం మీద యజమానీ కాదు, పనిచేసే మనిషీ కాదు. ప్రభుత్వ శ్రామిక సర్వేల్లో ఇలాంటివారికి ఒక గడి ఉంది: కుటుంబ సంస్థలో జీతం లేని సహాయకులు. 16 గంటలు కొట్టు నడిపిన మనిషి సహాయకురాలట!

అప్పు ఆమె పేరున, రిజిస్ట్రేషన్ అతని పేరున. గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాదో ఎప్పుడైనా అడిగారా? నేను చెప్పిన ఆమె కొట్లో అది భర్త ఖాతాది. ఫోన్లో వచ్చిన డబ్బు ఎంతో ఆమెకు రాత్రి అతను చెబితేనే తెలిసేది. అతను ఊళ్లో లేని రోజు సరుకు తెచ్చుకోవడానికి ఆమె చేతిలో చిల్లర తప్ప ఏమీ ఉండేది కాదు. ఖాతా మార్పించుకోవడానికి ఇంట్లో పెద్ద గొడవే అయింది. సంఘం నుంచి నలుగురం వెళ్లి కూర్చుంటే గానీ తెగలేదు.

మన తనిఖీ ఫారంలో వాయిదా గడి ఒక్కటే చాలదు. ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారు, ఇంటికి ఎంత సరుకు తీశారు, గల్లాలోంచి ఎవరెంత తీసుకున్నారు, కొట్టు కోసం బడి మానిన పిల్లలున్నారా అన్నవీ రాయాలి. ఇవి ఇంటి విషయాలని కొందరు మగవాళ్లు అభ్యంతరపెడతారు. అప్పు ఇప్పించేటప్పుడు ఇంటి విషయాలన్నీ అడిగాం కదా.

మీరు మీ ఊళ్ల నుంచి తెచ్చిన అరువు పుస్తకాలు భోజనాలయ్యాక ముందేసుకుని కూర్చుందాం. తేలేనివాళ్లు కనీసం రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో ఫోన్ చేసి కనుక్కోండి.